సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి బైబిల్ ప్రాచీన ప్రతుల అధ్యయనంలోకి రావచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 34, బీటెక్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదేళ్ల అనుభవం. బైబిల్ ప్రాచీన చేతిరాత ప్రతుల మీద పని చేయాలని ఉంది, కానీ గ్రీకు అక్షరాలు కూడా రావు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్నేళ్లు పడుతుంది, జీతం వచ్చే పని దొరుకుతుందా, ఇప్పుడే రాజీనామా చేయవచ్చా?

చివరి దానికి ముందు జవాబు: చేయకండి. కనీసం రెండేళ్లు ఉద్యోగంలో ఉంటూనే చదవండి. మొదటి రెండేళ్ల పని అంతా భాషే. దానికి సెలవు పెట్టాల్సిన పని లేదు, రోజుకు గంటన్నర చాలు. రాజీనామా చేసి పదహారు గంటలు కూర్చున్నా క్రియారూపాలు అంతకంటే తొందరగా తలకెక్కవు.

భాష కంటే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి, ఖర్చు లేనిది. ఈ రంగం మీద చాలామందికి ఉండే ఊహ గుహలు, జాడీలు, ఎడారి. నిజంగా జరిగేది ఒక పేజీ ముందు కూర్చుని ఒక్కో అక్షరం చూసి ఎక్కించడం. అది మీకు సరిపడుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. కోడెక్స్ సినాయిటికస్ 4వ శతాబ్దపు గ్రీకు బైబిల్. లండన్‌లో 347 ఆకులు, లైప్‌జిగ్‌లో 43, మిగతా ముక్కలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, సీనాయిలోని సెయింట్ కేథరిన్ మఠంలో ఉన్నాయి. 2009 నుంచి దాని ఫొటోలు, పక్కనే అక్షరాల ప్రతిలేఖనం ఇంటర్నెట్‌లో ఉచితం. గ్రీకు పెద్దక్షరాలు 24 నేర్చుకోవడానికి వారం పడుతుంది. తర్వాత 1 తిమోతి 3వ అధ్యాయం ఉన్న పేజీ తెరిచి, పక్కన ఉన్న ప్రతిలేఖనం మూసేసి, మీరే రాయండి. పేజీకి నాలుగు నిలువు వరసలు, వరసకు 48 పంక్తులు, పంక్తికి పన్నెండు పద్నాలుగు అక్షరాలు, అంటే మొత్తం దాదాపు 2,500 అక్షరాలు. మాటల మధ్య ఖాళీ ఉండదు. మాట పంక్తి చివర ఎక్కడైనా విరుగుతుంది. పంక్తి చివర చోటు చాలకపోతే వ్రాయసకాడు ‘ను’ అనే గ్రీకు అక్షరానికి (మన ‘న’ లాంటిది) బదులు పైన చిన్న గీత గీస్తాడు. ‘దేవుడు’, ‘ప్రభువు’, ‘యేసు’, ‘క్రీస్తు’ లాంటి పవిత్ర నామాలను మొదటి, చివరి అక్షరాలతో కుదించి పైన అడ్డగీత పెడతాడు.

ఆ పేజీలోనే 16వ వచనం దగ్గర ఆగి చూడండి. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను’ అని ఉంటుంది. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ అనువాదంలో ‘ఆయన’ స్థానంలో ‘దేవుడు’ ఉంటుంది. ఈ తేడా మొత్తం రెండు చిన్న గీతల్లో ఉంది. ఓమిక్రాన్, సిగ్మా పక్కపక్కన ఉంటే ‘ఎవరైతే’ అని అర్థం. ఆ ఓమిక్రాన్ గుండ్రం మధ్యలో ఒక అడ్డగీత పడితే అది థీటా అవుతుంది, పైన ఇంకో గీత పెడితే ‘దేవుడు’ అనే మాటకు కుదింపు అవుతుంది. సినాయిటికస్‌లో మొదటి వ్రాయసకాడు ఓమిక్రాన్ సిగ్మాయే రాశాడు. చాలా కాలం తర్వాత మరో చెయ్యి దాని పైన చిన్న అక్షరాలతో థీటా, ఎప్సిలాన్ చేర్చి ‘దేవుడు’ చేసింది. లండన్‌లో అదే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న 5వ శతాబ్దపు మరో గ్రీకు బైబిల్ ప్రతి అలెగ్జాండ్రినస్‌లో ఇదే చోటు ఇంకా చిక్కు. అక్కడ గీతలు తర్వాతి సిరాతో దిద్ది ఉన్నాయి. మొదట అక్కడ గీత ఉండేదా, లేక ఆకు వెనకవైపు రాసిన అక్షరపు గీత ఈ వైపుకు కనిపించి మోసం చేసిందా అని 18వ శతాబ్దం నుంచి వాదించుకున్నారు.

ఇలాంటి చోట ఒక సాయంత్రం గడిపాక ఇంకో పేజీ తెరవాలనిపిస్తే మీరు ఈ పనికి పనికొస్తారు. మొదటి పేజీకి మూడు నాలుగు సాయంత్రాలు పట్టినా కంగారు పడకండి. ఇరవై పేజీలు అయ్యేసరికి వేగం దానంతట అదే వస్తుంది. మూడో పేజీకే విసుగొస్తే, మీకు నచ్చింది ప్రతుల చరిత్ర చదవడం, ప్రతుల మీద పని చేయడం కాదు. అందులో తప్పేమీ లేదు, కానీ దానికోసం ఉద్యోగం మార్చనక్కర్లేదు.

ఇప్పుడు భాష. కొత్త నిబంధన గ్రీకులో మొత్తం సుమారు 1,38,000 మాటలున్నాయి, వేర్వేరు పదాలు దాదాపు 5,400. యాభై సార్లకు పైగా వచ్చే పదాలు మూడు వందల పైచిలుకు. అవి వస్తే పాఠంలో దాదాపు 80 శాతం చేతికొచ్చినట్టే. మొదటి ఏడాది వ్యాకరణం, ఆ మూడు వందల మాటలు, యోహాను సువార్త. రెండో ఏడాది మార్కు, లూకా, పౌలు పత్రికలు కొన్ని, పాత నిబంధన గ్రీకు అనువాదం నుంచి కొన్ని అధ్యాయాలు. ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఒకటి ఉంది. ప్రతి మాటకూ కింద అర్థం ఉన్న పుస్తకం, క్లిక్ చేస్తే ధాతువు చూపించే యాప్ పెట్టుకుని ‘చదివేస్తున్నాం’ అనుకుంటారు. ప్రతి ముందు కూర్చుంటే మాటల మధ్య ఖాళీయే లేదు కనుక ఆ చదువు ఒక్క పంక్తికి కూడా పనికిరాదు. రెండో ఏడాది నుంచి సాదా గ్రీకు పాఠమే చదవండి, బిగ్గరగా చదవండి. బిగ్గరగా అనడానికి కారణం ఉంది. ప్రాచీన కాలం చివరికే గ్రీకులో ఇయోటా, ఈటా, ఎప్సిలాన్-ఇయోటా లాంటివి ఒకే ‘ఇ’ శబ్దంలో కలిసిపోయాయి. వ్రాయసకాళ్లు చెవితో విన్నట్టు రాసేవాళ్లు. పాఠ్యపుస్తకాల్లో నేర్పే కృత్రిమ ఉచ్చారణతోనే ఆగితే ఆ స్పెల్లింగ్ తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాదు.

గ్రీకే తీసుకోవాలా అన్నది కూడా ఆలోచించండి. హీబ్రూ వైపు పోటీ గ్రీకంత, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. దక్షిణ భారతదేశంలో ఉన్నవాళ్లు సిరియాక్‌ను సీరియస్‌గా చూడాలని నా అభిప్రాయం. ఇది కేరళలోని సిరియన్ క్రైస్తవుల సంప్రదాయ ఆరాధన భాష. కొట్టాయంలోని సెయింట్ ఎఫ్రేమ్ ఎక్యుమెనికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సిరియాక్ అధ్యయనానికే పెట్టిన సంస్థ. కేరళ గ్రంథాలయాల్లోని సిరియాక్ ప్రతుల్లో చాలావాటిని అమెరికాలోని హిల్ మ్యూజియం అండ్ మాన్యుస్క్రిప్ట్ లైబ్రరీ ఫొటోలు తీయించి ఇంటర్నెట్‌లో పెట్టింది, పేరు నమోదు చేసుకుంటే ఉచితం. 1806లో క్లాడియస్ బుకానన్‌కు కేరళలో ఇచ్చిన పాత సిరియాక్ బైబిల్ ఇప్పుడు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. అక్షరాలు 22, లిపి రూపాలు మూడు: ఎస్త్రంగేలా, సెర్తో, తూర్పు సిరియాక్. ఎస్త్రంగేలాతో మొదలుపెట్టండి, పాత ప్రతులు అందులోనే ఉంటాయి. గ్రీకుతో పోలిస్తే పని చేసేవాళ్లు తక్కువ, సరిగా పరిష్కరించని పాఠాలు ఎక్కువ.

సిరియాక్‌లో ఇంకో సుఖం ఉంది. వ్రాయసకాళ్లు చివర గద్యలో తేదీ వేసే అలవాటు ఎక్కువ. ‘గ్రీకుల సంవత్సరం’ అని ఒక అంకె ఉంటుంది. అది సెలూసిడ్ శకం, అక్టోబరులో మొదలవుతుంది. దాన్ని క్రీస్తు శకానికి మార్చాలంటే, నెల జనవరి నుంచి సెప్టెంబరు లోపు అయితే 311 తీసేయాలి, అక్టోబరు నుంచి డిసెంబరు అయితే 312. గ్రీకు ప్రతుల్లో తేదీ ఉంటే సాధారణంగా సృష్టి శకంలో, అంటే లోకం పుట్టినప్పటి నుంచి లెక్కపెట్టే ఏళ్లలో ఉంటుంది. అక్కడ జనవరి నుంచి ఆగస్టు వరకు 5508, సెప్టెంబరు నుంచి 5509 తీసేయాలి. గ్రీకు చిన్నక్షరాల్లో తేదీ ఉన్న అతి పాత ప్రతి ఉస్పెన్‌స్కీ సువార్తలు. అందులో వేసిన ఏడు 6343, నెల మే. తీసేస్తే 835.

తేదీ లేని ప్రతులకే అసలు తంటా. అక్షరాల తీరు చూసి కాలం చెప్పేటప్పుడు యాభై ఏళ్ల కంటే సన్నని పరిధి ఎవరైనా చెబితే అనుమానించండి. మాంచెస్టర్‌లోని పి52 అనే యోహాను సువార్త ముక్కకు ‘క్రీ.శ. 125’ అని పుస్తకాల్లో, ప్రసంగాల్లో కనిపిస్తుంది. పోల్చడానికి తేదీ ఉన్న ప్రతులు ఎంత తక్కువో చూపిస్తూ బ్రెంట్ నాంగ్‌బ్రి 2005లో రాసిన వ్యాసం తర్వాత, 2వ శతాబ్దం చివర, 3వ శతాబ్దం మొదలు కూడా లెక్కలో ఉంచాలని చాలామంది ఒప్పుకున్నారు. కార్బన్ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అంటారు. అది చెప్పేది జంతువు ఎప్పుడు చచ్చిందో, మొక్క ఎప్పుడు కోశారో మాత్రమే, రాత ఎప్పటిదో కాదు. 2012లో పెద్ద హడావుడి చేసిన ‘యేసు భార్య సువార్త’ అనే కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల పాత భాష) ముక్కలో పపైరస్, అంటే రెల్లుతో చేసిన కాగితం, పాతదే. రాత కొత్తది. 2016 నాటికి అది నకిలీ అని తేలిపోయింది.

నకిలీల గురించి ఎక్కువే చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్లను ఈ రంగంలోకి లాగేది తరచుగా అమ్మకాల ప్రచారమే. వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ది బైబిల్ దగ్గరున్న మృతసముద్ర చుట్టల ముక్కలు 16 ఉండేవి. పదహారూ నకిలీవని 2020లో ప్రకటించారు. ఎలా పట్టుకున్నారో చూడండి. చాలావాటికి వాడింది రాయడానికి పలచగా చేసిన చర్మం (పార్చ్‌మెంట్) కాదు, ప్రాచీనమైన తోలు. దాని పైపొర అప్పటికే పగిలిపోయి ఉంది. సూక్ష్మదర్శిని కింద సిరా ఆ పగుళ్లలోకి జారి, విరిగిన అంచు మీదుగా కిందికి ఒలికి కనిపించింది. రాత పాతదైతే పగులు సిరాను కోసేయాలి గాని, సిరా పగులులోకి దిగకూడదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే అమ్మకానికి పెట్టిన ఫొటోల్లోనే కొన్నింటిని పట్టేయవచ్చు.

ముక్కలు కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. 1970 యునెస్కో ఒడంబడికకు ముందు అది ఎక్కడుందో కాగితాలు లేని ప్రతిని చాలా పత్రికలు ప్రచురణకు తీసుకోవు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఆక్సిరింకస్ పపైరస్ సేకరణ నుంచి కూడా ముక్కలు బయటికి పోయి అమ్ముడైన సంగతి 2019లో బయటపడింది. మన దేశంలోనూ 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ ఉన్న చేతిరాత ప్రతి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది.

పార్చ్‌మెంట్ భౌతిక రూపం గురించి కాస్త. తోలుకు వెంట్రుక వైపు, మాంసం వైపు ఉంటాయి. వెంట్రుక వైపు పచ్చగా, చిన్న చుక్కలతో ఉంటుంది. మాంసం వైపు తెల్లగా ఉంటుంది. మంచి గ్రీకు పుస్తకంలో ఎక్కడ తెరిచినా ఎదురెదురు పేజీలు ఒకే రకంగా ఉంటాయి, వెంట్రుకకు వెంట్రుక, మాంసానికి మాంసం. ఎక్కడైనా ఇది తప్పితే ఆ చోట ఆకు పోయిందనో, తర్వాత అతికించారనో అనుమానించాలి. మామూలు కట్ట నాలుగు రేకులు, మడిస్తే ఎనిమిది ఆకులు, 16 పేజీలు. వర్ణనలో కట్టల లెక్క తప్పితే పాఠంలో ఖాళీ ఎక్కడుందో చెప్పలేరు. చదివే గదిలో పెన్సిల్ మాత్రమే, నీళ్ల సీసా బయటే, పుస్తకం నురుగు దిమ్మల మీద. గ్లవ్స్ అడుగుతారనుకోకండి. చాలా గ్రంథాలయాలు కడిగి ఆరబెట్టుకున్న ఒట్టి చేతులే మంచిదంటాయి, గ్లవ్స్‌తో వేలికి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. బొగ్గు సిరా ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగా నిలుస్తుంది, అందుకే మృతసముద్ర చుట్టలకు అది బాగా పనిచేసింది. ఇనుప సిరా ఇన్‌ఫ్రారెడ్‌లో మాయమైపోతుంది. దానికి అల్ట్రావయొలెట్ వాడతారు. పార్చ్‌మెంట్ మెరుస్తుంది, గీకేసిన సిరా జాడ నల్లగా తేలుతుంది.

డిగ్రీల సంగతి. బీటెక్‌తో నేరుగా ఈ రంగంలో పీహెచ్‌డీ దొరకడం కష్టం. మధ్యలో ఒక మాస్టర్స్ కావాలి, అందులో భాషల మార్కులు కనిపించాలి. మన దగ్గర సెరంపూర్ సెనేట్ పరిధిలోని కళాశాలలు, హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ, బెంగళూరులో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ, గ్రీకు, హీబ్రూ నేర్పుతాయి. కానీ ఆ చదువు ప్రధానంగా సంఘసేవకుల కోసం రూపొందినది. ప్రతుల పని అందులో చిన్న భాగమే. తెలిసి చేరితే నష్టం లేదు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు బ్లాక్డ్ ఖాతాలో 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. మ్యూన్‌స్టర్‌లో కర్ట్ ఆలాండ్ 1959లో స్థాపించిన సంస్థే గ్రీకు కొత్త నిబంధన ప్రతులన్నిటికీ నంబర్లు ఇచ్చే చోటు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ ఈ పనికి పెద్ద కేంద్రం. ఒక జాగ్రత్త: జర్మన్ స్కాలర్‌షిప్పుల్లో చాలావాటికి చివరి డిగ్రీ అయి ఆరేళ్లు దాటకూడదన్న షరతు ఉంటుంది. మీ బీటెక్ ఆ గీత ఎప్పుడో దాటింది. కొత్త మాస్టర్స్ చేస్తే ఆ గడియారం మళ్లీ మొదలవుతుంది. జర్మన్ చదివి అర్థం చేసుకునేంత రావాలి, సగం సూచీలు, వర్ణనలు ఆ భాషలోనే ఉంటాయి.

మొత్తం లెక్క: భాషలు రెండేళ్లు, మాస్టర్స్ ఒకటి రెండేళ్లు, పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు. 34లో మొదలుపెడితే 42 దాకా. ఆ తర్వాత పర్మనెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందని లెక్క వేసుకోకండి. ప్రపంచం మొత్తం మీద ఆ ఖాళీలు చాలా తక్కువ. దొరికేవి ప్రాజెక్టు ఉద్యోగాలు, రెండు మూడేళ్ల కాంట్రాక్టులు. ఇంటి మీద అప్పు, చదివే పిల్లలు ఉంటే ఈ ఒక్క విషయం మీదే ఇంట్లో కూర్చుని మాట్లాడండి.

అయితే మీకు ఒక దారి ఉంది, థియాలజీ చదివినవాళ్లలో చాలామందికి లేనిది. ఇప్పటి పాఠ పరిష్కరణ అంతా డేటా పని. ప్రతిలేఖనాలు టీఈఐ ఎక్స్ఎంఎల్‌లో, అంటే పాఠాలకు గుర్తులు పెట్టే ఒక ప్రామాణిక రూపంలో, నిల్వ చేస్తారు. వందల ప్రతులను కొలేట్‌ఎక్స్ లాంటి ప్రోగ్రాములతో పోలుస్తారు. ప్రతుల మధ్య బంధుత్వం కట్టడానికి మ్యూన్‌స్టర్‌లో గెర్డ్ మింక్ రూపొందించిన సీబీజీఎం పద్ధతికి డేటాబేసే ప్రాణం. 2017లో అపొస్తలుల కార్యములు, 2021లో మార్కు ఈ పద్ధతిలోనే పెద్ద పరిష్కృత ముద్రణగా వచ్చాయి. ఇందులో టెస్టరుకు దొరికే బగ్గులు చూడండి. యూనికోడ్‌లో గ్రీకు ఆల్ఫా మీద యాస గుర్తుకు రెండు వేర్వేరు సంకేతాలున్నాయి, తెర మీద ఒకేలా కనిపిస్తాయి. నార్మలైజ్ చేయకుండా, అంటే అన్నిటినీ ఒకే సంకేతానికి తేకుండా పోలిస్తే లేని పాఠాంతరాలు వేలల్లో పుట్టుకొస్తాయి. ఎవరో గ్రీకు ఓమిక్రాన్ బదులు ఇంగ్లిష్ ఓ కొట్టి ఉంటారు. హీబ్రూలో నార్మలైజ్ చేస్తే అచ్చు గుర్తుల వరస మారిపోతుంది. చేతిరాత గుర్తించే ట్రాన్స్‌క్రిబస్, ఈస్క్రిప్టోరియం లాంటి వాటికి నేర్పడానికి సరిచూసిన పేజీలు కావాలి. అందులో పవిత్ర నామాలను ఒకరు విడదీసి, ఇంకొకరు కుదించినట్టే రాస్తే యంత్రం రెండూ నేర్చుకుని ఇష్టమొచ్చినట్టు వాడుతుంది.

ప్రతిలేఖన పద్ధతి కూడా మీకు తెలిసినట్టే ఉంటుంది. ఒక ప్రతిని ఇద్దరు విడివిడిగా ఎక్కిస్తారు, ఒకరి పని ఒకరు చూడరు. యంత్రం తేడాలు తీస్తుంది, మూడో మనిషి ఫొటో చూసి తీర్పు చెబుతాడు. ముందే ఒక ప్రామాణిక పాఠం తెరిచి, ప్రతికి తగ్గట్టు మార్చుకుంటూ పోవడం వాడుక. టైపింగ్ తగ్గుతుంది కానీ ప్రమాదం అక్కడే. కళ్లు తెలిసిన మాటనే చూస్తాయి. ప్రతిలో లేని మాట తీసేయడం మర్చిపోతే ఆ ప్రతి ప్రామాణిక పాఠానికి ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే పాఠం నుంచి మొదలుపెడితే ఇద్దరూ ఒకే తప్పు వదిలేస్తారు, యంత్రానికి తేడా దొరకదు. అందుకే ఇద్దరికీ వేర్వేరు మూల పాఠాలు ఇవ్వడం మంచిది. వాటికన్‌లోని కోడెక్స్ వాటికానస్‌లో ఇంకో వల ఉంది. వెలిసిపోయిన అక్షరాల మీద తర్వాతెవరో కొత్త సిరా దిద్దాడు, తప్పు అనుకున్నవి మాత్రం దిద్దకుండా వదిలేశాడు. ఆ వెలిసిన అక్షరాలే మొదటి చేతి రాతకు సాక్ష్యం. పేజీని పెద్దది చేయకుండా చూస్తే అవి కనిపించవు.

హైదరాబాద్‌లో ఉంటూనే చేయదగిన ఇంకో పని. ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి. 2003లో మొదలైన జాతీయ ప్రతుల మిషన్ లిపిశాస్త్రం, సూచీకరణ మీద శిక్షణ శిబిరాలు నడిపింది. అలాంటివి ఎక్కడ జరిగినా వెళ్లండి. గ్రీకు రాదు గాని, ఆకులు లెక్కపెట్టడం, లేఖక దోషాలు గుర్తించడం, పాఠాంతరాలు నమోదు చేయడం వస్తాయి. కడపలో బ్రౌన్ పండితులతో తెలుగు కావ్యాల ప్రతులు పోల్చి చూపించిన పని, పుణెలో భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 దాకా మహాభారతానికి చేసిన పని, మ్యూన్‌స్టర్‌లో జరిగే పని ఒకే జాతివి. దరఖాస్తులో ఈ అనుభవం రాస్తే విదేశీ ప్రొఫెసర్లు ఆసక్తిగా చదువుతారు.

ఇంకో మాట, మన సంఘాల్లో ఇది తప్పకుండా ఎదురవుతుంది. ఒకవైపు ‘5,800 ప్రతులు, అన్నీ ఒకటే చెబుతాయి’ అంటారు, ఇంకోవైపు ‘లక్షల తప్పులు’ అంటారు. ఆ గ్రీకు ప్రతుల్లో అత్యధికం 9వ శతాబ్దం తర్వాతివి. ఆ లక్షల తేడాల్లో అత్యధికం స్పెల్లింగు, పదాల వరస. రెండు వైపుల వాళ్లూ మిమ్మల్ని ఆయుధంగా వాడుకోవాలని చూస్తారు. విశ్వాసి అయినా కాకపోయినా పేజీలో ఉన్నది ఉన్నట్టు రాయగలిగితే చాలు.

సూపర్‌వైజర్‌కు మెయిల్ రెండో ఏడాది చివర రాయండి, ముందు కాదు. అప్పటికి మీ దగ్గర కనీసం ఇరవై పేజీల ప్రతిలేఖనం ఉండాలి, ఎక్స్ఎంఎల్‌లో, అక్షరాల వరసలు, పంక్తులు, దిద్దుబాట్లు వేరుచేసి. మ్యూన్‌స్టర్ వాళ్ల వర్చువల్ మాన్యుస్క్రిప్ట్ రూంలో పేరు నమోదు చేసుకుంటే ఎడిటర్ అక్కడే ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని, 11వ లేదా 12వ శతాబ్దపు చిన్నక్షరాల ప్రతి ఒకటి ఎంచుకోండి. సినాయిటికస్ మీద చేసింది పంపితే ఇంటర్నెట్‌లోంచి తీశారా అన్న అనుమానం వస్తుంది. మెయిల్ పది పంక్తులు దాటకూడదు: మీరెవరు, ఏ భాష ఎంత వచ్చు, ఏ ప్రతి ఎక్కించారు, అందులో ఎక్కడ తేల్చుకోలేకపోయారు. ఆ చివరిది తప్పకుండా రాయండి. ఫలానా ఆకు, ఫలానా పంక్తి, మసక అక్షరం, రెండు అవకాశాలు. జవాబు రావాలంటే వాళ్లు ముందు చూసేది అదే.